నల్లరంగు కింద

సూర్యాపేట
జూన్ 12

తమ్ముడు మహేందర్‌కు,

కరుణక్క రాస్తున్నది. ఈ కాలంలో కవరు మీద స్టాంపు ఏమిటని నవ్వుకోకు. కరోనా వచ్చిపోయాక నా చెవులు బాగా మందగించాయి. ఎదురుగా కూర్చున్న మనిషి మాట మిషన్ పెట్టుకుంటే వినిపిస్తుంది. ఫోన్లో అయితే అంతా మోత. వేలితో గీకి మెసేజీలు పెట్టడం నాకు రాదు. ఉద్యోగమంతా దవాఖానలో కేసుషీట్లు రాసినదాన్ని, కాగితమే నాకు సుఖం.

నా తమ్ముడు, నీ చిన్ననాటి నేస్తం చిరంజీవి పోయి మూడు నెలలు కావస్తోంది. మట్టికి నువ్వు రాలేకపోయావు, బెంగళూరులో మీ అమ్మాయి కాన్పుకు ఉన్నావని తెలుసు. మొన్న వాడి జ్ఞాపకార్థ కూడికకు కోదాడ వెళ్లాను. గోడకు ఆ నల్ల గిటారు తగిలించి ఉంది. దాని కిందనే కూర్చొని ప్రార్థన చేశాను, కానీ నా మనసు ప్రార్థనలో లేదు.

నీకు సగమే తెలుసు, నువ్వప్పుడు పాల్వంచలో అప్రెంటిస్‌గా ఉన్నావు. మీరిద్దరూ నేర్చుకున్న గిటారు, మిషనరీ దొరసానమ్మ తన దేశం వెళ్లిపోతూ మన చర్చికి వదిలిపోయిన గిటారు, ఒక ఎండాకాలం కనిపించకుండా పోయింది. వస్తువుల గది తాళంచెవి క్వయరులో పాడేవాళ్ల దగ్గర ఉండేది, అంటే చిరంజీవి దగ్గర. అప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. వాడు మా నాన్నతో పోట్లాడి, టీచరు ట్రైనింగ్ మానేసి కోదాడ పోయాక, అక్కడ వాడి చేతిలో అలాంటి గిటారే చూశామని మనవాళ్లు చెప్పారు. నాన్న సంఘపెద్ద. ఆయన తల ఎలా దించుకున్నాడో నేను చూశాను. ఆ తర్వాత వాడు మన చర్చి గడప తొక్కలేదు, నాన్న వాడి గడప తొక్కలేదు.

నువ్వు విద్యుత్ శాఖ నుంచి రిటైరయ్యాక పాత గిటార్లు బాగుచేస్తున్నావని చిరంజీవే చెప్పేవాడు. అందుకే నిన్ను అడుగుతున్నాను. ఇది ఎక్కడ తయారైంది, ఈ నల్లరంగు కింద ఏముంది, మన చర్చిదా కాదా, చూసి చెప్పు. చర్చిదే అయితే తిరిగి ఇచ్చేస్తాను. ఇంట్లో చివరికి మిగిలింది నేనే. నేను పోయేలోపు ఇది తేలిపోవాలి.

మా అల్లుడు కారులో తెచ్చి ఇస్తాడు. ఒక్క సంగతి. తీగలు తుప్పు పట్టాయి, మహేందర్‌తో మార్పించి ఇస్తానని వాడి భార్య రోజాకు చెప్పి తెచ్చాను. నువ్వూ అదే చెప్పు.

అక్క
కరుణ

*

మిర్యాలగూడ
జూన్ 21

అక్కకు,

గిటారు క్షేమంగా చేరింది. మీ అల్లుడు దానికి సీటు బెల్టు పెట్టి తెచ్చాడు. నాకు నవ్వొచ్చింది, తర్వాత దాన్ని ఒళ్లో పెట్టుకున్నాక నవ్వు పోయింది. మెడ మీద వాడి బొటనవేలు ఆనే చోట రంగు అరిగి ఉంది.

ఇప్పటికి పైపైన చూసిందే రాస్తున్నాను. కంపెనీ గిటారు అయితే నడిమి రంధ్రంలోంచి చూస్తే లోపల చీటీ ఉంటుంది, లేదా ముద్ర ఉంటుంది. చర్చి గిటారుకు ఆకుపచ్చ చీటీ ఉండేది, నాకు బాగా గుర్తు. దీనికి లేదు. చింపేసి ఉండవచ్చు. తీగలు బిగించే చెవులు తర్వాత మార్చినవి, వాటిని బట్టి ఏమీ చెప్పలేను. రంగు మాత్రం గిటార్లకు వేసేది కాదు, తలుపులకు, ఇనుప గేట్లకు వేసే ఎనామిల్. బ్రష్షుతో వేశారు. బ్రష్షు వెంట్రుకలు ఒకటి రెండు రంగులోనే ఇరుక్కుపోయి ఉన్నాయి.

ఒకటి రాయాలా వద్దా అని ఆలోచించాను. బల్ల మీద పడుకోబెట్టి చూస్తే, కుడి పక్క నడుము కింద వంపు సరిగ్గా గుండ్రంగా లేదు, కొంచెం అణిగి ఉంది. చర్చి గిటారు ఒక క్రిస్మస్ నాటకమప్పుడు స్టేజీ మెట్ల మీద నుంచి పడింది గుర్తుందా? అదీ అటు పక్కనే అణిగింది. నా జ్ఞాపకాన్ని నేను నమ్మను. మీ ఇంట్లో క్వయరు ఫోటో ఒకటి ఉండాలి. పంపగలవా?

అక్కా, ఇది తేలడం నీకు నిజంగా అవసరమా? వాడు వెళ్లిపోయాడు. తీగలు మార్చి రోజాకు ఇచ్చేద్దామంటే ఇప్పుడే ఇచ్చేస్తాను.

మహేందర్

*

సూర్యాపేట
జూలై 2

మహేందర్‌కు,

ఫోటో ఈ కవర్లోనే పెట్టాను. నాన్న పెట్టెలో అడుగున ఉంది. నువ్వు కుడి చివర బక్కగా ఉన్నావు, చిరంజీవి మధ్యలో గిటారు పట్టుకున్నాడు. గిటారు మెట్ల మీద పడిన తర్వాత తీసిన ఫోటో.

అవసరమా అని అడిగావు. అవసరమే. వాడి గురించి నిజం తెలియకుండానే వాణ్ణి మట్టిలో పెట్టి వచ్చాను. దొంగ అయితే క్షమించేదాన్ని. కాకపోతే... ఆ రెండో మాట నేను ఆలోచించను. ఎందుకంటే రంగు ఉంది కదా.

ఆ రోజు ఇంట్లో జరిగింది చెబుతాను. మొదట నాన్న, దుర్గయ్య మామ, ఇంకో పెద్దమనిషి కోదాడ వెళ్లారు. గిటారు గోధుమరంగులో, అచ్చం మనదానిలాగే ఉందట. వాడు ఏదో కట్టుకథ చెప్పాడని నాన్న అన్నాడు. అది ఏం కథో మాకు చెప్పలేదు. మళ్లీ కొన్నాళ్లకు, మంచిమాటతో అడిగి తెద్దామని ఒక్కడే వెళ్లాడు. తిరిగి వచ్చి మంచం మీద కూర్చొని, చెప్పులు కూడా విప్పకుండా అమ్మతో అన్నాడు:

"నల్లరంగు పూసిండు. దొంగతనం చేయనోడు రంగెందుకు పూస్తడు? ఇగ వాని ఊసు ఎత్తకున్రి."

అమ్మ ఏదో అనబోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. అంతే. మా ఇంట్లో వాడి పేరు ఆ సాయంత్రంతో ఆగిపోయింది.

వాడు నా పిల్లల పెండ్లిళ్లకు, చర్చికి కాదు, ఫంక్షన్ హాలుకు వచ్చేవాడు. వెనక వరుసలో కూర్చొని, భోజనం చేసి, రోజాను వెంటబెట్టుకొని వెళ్లిపోయేవాడు. అందరూ పాడుతుంటే నోరు విప్పేవాడు కాదు. తప్పు చేసినవాడి మౌనం అనుకున్నాను.

పాస్టర్ గారికి చూచాయగా చెప్పాను, చర్చి వస్తువు ఒకటి కోత పండుగనాడు తిరిగి ఇస్తామేమోనని. ఆయన కొత్త మనిషి, చిన్నవాడు, సంతోషించాడు.

రోజా ఎదురింటి పిల్లతో మా అమ్మాయికి ఫోన్ చేయించి గిటారు ఎప్పుడు ఇస్తారని అడిగిస్తున్నది. తీగలు హైదరాబాదు నుంచి రావాలట అని చెప్పించాను.

కరుణ

*

మిర్యాలగూడ
జూలై 13

అక్కకు,

ఫోటోను పెద్దది చేయించి గిటారు పక్కన పెట్టి చూశాను. అణుకు రెండింటికీ ఒకేచోట ఉంది. ఆకారం కూడా తేడా లేదు. నడుము సన్నదనం, భుజాల వెడల్పు, కింది గుండ్రం, అన్నీ కలిశాయి. ఏ రెండు గిటార్లూ పడి ఒకే తీరుగా అణగవు.

ఇంతకంటే ఎక్కువ రాయాలని లేదు.

అయినా ఇప్పుడే పాస్టర్ గారికి గట్టిగా మాట ఇవ్వకు. నేనింకా రంగు కిందికి వెళ్లలేదు. ఇంకొకటి అడగాలి. చిరంజీవి ఫర్నిచర్ షాపులో పని చేసేవాడని తెలుసు. ఖచ్చితంగా ఏ పని? కోతపనా, అమరికా, పాలిషా? ఎవరి దగ్గర నేర్చుకున్నాడు?

మహేందర్

*

సూర్యాపేట
జూలై 22

మహేందర్‌కు,

నీ ఉత్తరం వంటింట్లో నిలబడి చదివాను. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.

నాన్న మాటే నిజమైంది. ఆయన పోయేనాటికి కూడా కొడుకు మీద కోపంతోనే పోయాడని నేను లోలోపల ఆయన్ను తప్పుపట్టేదాన్ని. ఇప్పుడు ఆ తప్పుపట్టడం కూడా లేకుండా పోయింది. కోత పండుగ నాడు ఇచ్చేస్తామని పాస్టర్ గారికి మాట ఇచ్చేశాను. ఎవరు తీశారు, ఎందుకు తీశారు అనే మాట రాకుండా ఇచ్చేస్తాను.

ఏం పని అని అడిగావు. తలుపులు, సోఫాలు చేసే షాపు, హైవే మీద, బస్సులు ఆగే చోటుకు ఎదురుగా. బక్కయ్య అని పాలిష్ పెట్టే పెద్దాయన కింద చేరాడు. ఆ బక్కయ్య బిడ్డే మన రోజా. ఆ పెండ్లికి మా ఇంట్లోంచి ఎవరమూ పోలేదు. బక్కయ్య పోయి చాలా కాలమైంది. నాన్న ఆ పనిని పని అనేవాడు కాదు. "సదువుకున్నోడు చెక్కలు గీక్కుంట కూసున్నడు" అనేవాడు.

ఇదంతా దేనికి అడుగుతున్నావో అర్థం కాలేదు. ఇక చూడాల్సింది ఏముంది? తీగలు వేసి పంపించు.

కరుణ

*

మిర్యాలగూడ
ఆగస్టు 9

కరుణక్కా,

ముందు ఈ ఒక్క మాట చదువు, మిగతాది తర్వాత. పోయిన ఉత్తరంలో నేను రాసింది తప్పు. ఈ గిటారు చర్చిది కాదు.

నువ్వు పంపించమన్నా నేను పంపలేదు. ఒకటి మనసులో గుచ్చుకుంటూ ఉంది. పడి అణిగిన చెక్క అయితే లోపల పగులు ఉండాలి. చర్చి గిటారుకు లోపలి నుంచి బట్టముక్క జిగురుతో అంటించి పగులు ఆపారు. అది చేసేటప్పుడు నేనూ చిరంజీవీ పక్కనే కూర్చొని చూశాం. అందుకని దీని తీగలన్నీ విప్పి, పళ్ల డాక్టర్లు వాడే చిన్న అద్దం, సన్న లైటు లోపలికి పంపి ఆ చోటు వెతికాను. బట్ట లేదు. పగులు లేదు. చెక్క నార ఎక్కడా తెగలేదు. అంటే అది అణగలేదు అక్కా. అలా వంచారు. చెక్కను తడిపి, వేడి చేసి, ఆ అణుకుతో సహా కావాలనే వంచారు.

ఎవరైనా ఎందుకు అలా వంచుతారు? నాకు ఒకటే తోచింది. చర్చి గిటారును, అది పోకముందే ఎప్పుడో, కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీసుకున్నవాడు, ఆ గీత ఎలా ఉంటే అలా చేశాడు. మొదటిసారి చేస్తున్నవాడు. ఏది ఆకారమో ఏది దెబ్బో విడదీసే ధైర్యం లేనివాడు. దాని దెబ్బను కూడా దించుకున్నాడు. ఏ గుర్తు చూసి నేను వాణ్ణి దొంగను చేశానో, అదే గుర్తు ఇప్పుడు వాడు దొంగ కాదంటున్నది.

అద్దాన్ని పైకి తిప్పితే పై పలక అడుగున అక్షరాలు కనిపించాయి. ఫోటో తీసి తిప్పి చూశాను. నల్లసిరా అచ్చు, ఇంగ్లీషులో అస్సాం అని, దాని కింద ఏదో తోట పేరు సగం. టీ పొడి వచ్చే చెక్కపెట్టె పలక అది. హైవే హోటళ్ల వెనక అప్పట్లో కుప్పలుగా పడి ఉండేవి. మెడ టేకు, తలుపు చట్రాలకు వాడే టేకు. వెనక పలక రెండు ముక్కలు, ఒకటి ఎరుపు, ఒకటి లేతది. లోపలి బద్దలు చిన్న ఉలితో చెక్కినవి, ఉలి జారిన చోట్లు కూడా ఉన్నాయి. చీటీ అంటించిన జిగురు మరక ఎక్కడా లేదు. చింపడానికి దీనికి ఎప్పుడూ చీటీ లేదు.

ఇక రంగు. మెడ, గిటారు పెట్టె కలిసే మూలన గోటితో గీకితే నలుపు పొరలాగా లేచి వచ్చింది. కింద తేనెరంగు మెరిసింది. దూది మీద స్పిరిట్ చుక్క వేసి అద్దితే దూది పసుపెక్కింది, చెక్క జిగటగా తగిలింది. లక్క పాలిష్. విదేశీ కంపెనీ మిషన్‌తో కొట్టిన పూత స్పిరిట్‌కు అంత తేలిగ్గా కరగదు. ఇది బట్ట ఉండ చుట్టి చేత్తో రుద్దిన పాలిష్. పొర మీద పొర, రోజుల తరబడి. నేను ఇన్నేళ్లుగా చేస్తున్నా అంత నునుపు నాకు రాలేదు.

దాని మీద నలుపు వేసినవాడు, రంగు పట్టేలా పాలిష్‌ను గరుకు కాగితంతో కూడా రుద్దలేదు. దుమ్ము తుడవలేదు. ఒక్క పూటలో, ఒక్క చేత్తో, పెద్ద బ్రష్షుతో లాగేశాడు. దాచాలనుకున్నవాడు జాగ్రత్తగా వేస్తాడు. ఇది కోపంతో వేసిన రంగు.

ఇదంతా చిరంజీవే చేశాడని నేను ప్రమాణం చేయలేను. చెక్క మీద పేరు లేదు. రోజాకు తెలిసి ఉండాలి. నువ్వు కోదాడ వెళ్లి అడగాలి అక్కా. ఈసారి తీగల మాట చెప్పకు.

చర్చి గిటారు ఏమైందో నాకు తెలియదు. ఇక ఎవరికీ తెలియదనుకుంటాను.

మహేందర్

*

సూర్యాపేట
ఆగస్టు 25

మహేందర్,

వెళ్లి వచ్చాను. రెండుసార్లు రాయడం మొదలుపెట్టి చింపేశాను.

రోజా బడి నుంచి అప్పుడే వచ్చింది, అక్కడ ఆయాగా చేస్తున్నది కదా. చేతిలో గిటారు లేదని చూసింది, మంచినీళ్లు ఇచ్చింది. నీ ఉత్తరం చదివి వినిపించాను. టీ పెట్టె దగ్గరికి వచ్చేసరికి ఆమె నవ్వింది. పాలిష్ దగ్గరికి వచ్చేసరికి లేచి తలుపు దగ్గర నిలబడింది.

"తీగలు మారుస్తానని గదా వదినా తీసుకెళ్లింది."

"అవును."

"దొంగసొమ్మో కాదో తేల్చనీకి తీసుకెళ్లారా?"

అవునని చెప్పాను. ఇంకేం చెప్పను?

తర్వాత తనే చెప్పింది, నన్ను చూడకుండా, వీధి వైపు చూస్తూ.

"నేను అప్పుడు మా నాయనకు సద్ది తీసుకెళ్లేదాన్ని. మీ తమ్ముడు పొద్దంతా సోఫాలు చేసి, పనైనాక పెట్టె చెక్కలు ముందేసుకొని కూసునేటోడు. వంచుతుంటే ఎన్ని విరిగాయో. విరిగినప్పుడల్లా మా నాయన నవ్వేవాడు, ఈయన మళ్లీ తడిపేవాడు. సూర్యాపేటలో మీ చర్చి గిటారు పోయింది గదా, అది లేక పాటలు బోసిగా ఉంటున్నాయంట. ఇది చేసి పట్టుకపోయి ఇస్తానన్నాడు. మీ నాయన చేతిలో పెడతానన్నాడు."

మహేందర్, వాడు దాన్ని మన చర్చి కోసం చేశాడు.

"మా నాయన దగ్గర పాలిష్ నేర్చుకున్నాడు. అది ఆరకముందే మీ నాయన వాళ్లు వచ్చారు. నేనే చేశాను నాయనా అని ఈయనంటే ముగ్గురూ నవ్వారు. 'గిటారు నువ్వు చేస్తవా?' అన్నాడు ఒకాయన. మా నాయన ముందుకొచ్చి 'నా కండ్ల ముంగట చేసిండు సారూ' అన్నాడు. 'నువ్వు జర ఊకో' అన్నారు. మా నాయన ఊకున్నాడు."

వాళ్లు వెళ్లిపోయాక వాడు గేట్లకు వేసే నల్లరంగు డబ్బా మూత తీశాడట. బక్కయ్య చెయ్యి పట్టుకొని "అరే, పాలిష్ ఖరాబైతది" అన్నాడట. "ఇగ ఎవ్వరూ ఇది మాదే అనొద్దు మామా" అని, ఆ చెయ్యి తోసేసి రంగు పూశాడట.

మన చర్చిది కాదనిపించాలని పూశాడు. ఆ పూతే నాన్నకు సాక్ష్యమైంది. ఆ రంగు చూసే ఇన్నేళ్లూ నేనూ నమ్మాను.

"నేను నమ్ముతున్నాను రోజా" అన్నాను.

"ఇప్పుడు నమ్ముతారు వదినా. ఆయన చెప్తే నమ్మలేదు, పెట్టె చెక్క చెప్తే నమ్మారు."

బస్సెక్కేదాకా తోడు వచ్చింది. అది నా మీద ప్రేమ కాదు, మర్యాద.

కరుణ

*

మిర్యాలగూడ
సెప్టెంబరు 6

అక్కా,

నీ ఉత్తరం మడిచి పెట్టి, షెడ్డులోకి వెళ్లి, ఏ పనీ చేయకుండా కూర్చున్నాను.

వాడు ఏడాదికి ఒకసారైనా ఇక్కడికి వచ్చేవాడు. నా పక్కన స్టూలు మీద కూర్చొని నేను చేసేది చూసేవాడు. "ఏం జిగురు వాడుతున్నవ్ రా?" అని అడిగేవాడు. "వంపు ఎట్ల తిప్పినవ్?" అని అడిగేవాడు. నేను తెలిసినవాడిలా పాఠం చెప్పేవాణ్ణి. ఒకసారి లక్క పాలిష్ ఎలా పెట్టాలో కూడా చూపించాను. శ్రద్ధగా విన్నాడు. "బాగొచ్చింది" అన్నాడు. గిటారు చేశానని నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు. చెబితే నేనూ నవ్వుతానని అనుకున్నాడేమో. నవ్వేవాణ్ణా? కాదని ఇప్పుడు చెప్పడం సులువు.

అడగాల్సింది ఒకటుంది. ఈ నలుపు పట్టులేకుండా ఉంది, ఓపికగా గీకితే మొత్తం లేచి వస్తుంది. కింది పాలిష్ చాలావరకు చెదరకుండా ఉంది. నెల రోజులు కూర్చుంటే వాడు మీ నాన్న చేతిలో పెట్టాలనుకున్న గిటారు బయటికి వస్తుంది. నా చేతులు అదే చేయమంటున్నాయి. కానీ ఈసారి అడక్కుండా చేయను. రోజాను అడిగి రాయి.

మహేందర్

*

సూర్యాపేట
సెప్టెంబరు 24

మహేందర్,

రోజాను అడిగాను. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"తీయకండి వదినా. నేను పెండ్లాడింది ఆ నల్ల గిటారు వాయించే మనిషిని. తేనెరంగుది నేను చూసింది కొన్నాళ్లే. దాని లోపల ఏముందో మీకు తెలియలేదు గానీ, నాకు ఎప్పుడూ తెలుసు."

నువ్వు గీకిన మూల కూడా అలాగే ఉండనివ్వమంది. మంచి తీగలు వేయమంది. నువ్వే తెచ్చి ఇవ్వు, నేను కూడా వస్తాను. కోత పండుగ అయ్యాక పెట్టుకుందాం. చర్చిలో నేను చెప్పాల్సింది ఒకటి ఉంది.

అక్క

*

కోదాడ
నవంబరు 18

మహేందర్,

నువ్వు మొన్న గిటారు ఇచ్చి, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయావు. నేను ఇంకా రోజా దగ్గరే ఉన్నాను. నీ ఎదుట చెప్పలేనిది ఇప్పుడు రాస్తున్నాను.

కోత పండుగనాడు మైకు ముందు నిలబడ్డాను. "నా తమ్ముడు చిరంజీవి ఈ చర్చి గిటారు దొంగిలించలేదు. ఈ చర్చికే ఇవ్వాలని ఒకటి చేశాడు. మేం నమ్మలేదు" అన్నాను. అందరూ "ఆమెన్" అన్నారు, ఏ సాక్ష్యానికైనా అన్నట్టే. అక్కడున్నవాళ్లలో చాలామందికి చిరంజీవి ఎవరో తెలియదు. ఏ గిటారో తెలియదు. వెంటనే కీబోర్డు మోగింది, తర్వాతి పాట మొదలైంది. వాడి పేరు చెడినప్పుడు ఊరంతా ఉంది మహేందర్. బాగుపడేసరికి వినేవాళ్లు లేరు.

అందుకని దుర్గయ్య మామ ఇంటికి వెళ్లాను. నాన్నతో కోదాడ వెళ్లిన ముగ్గురిలో ఆయన ఒక్కడే మిగిలాడు. మంచంలో ఉన్నాడు గానీ మాట స్పష్టంగానే ఉంది. అంతా చెప్పాను. ఏడుస్తాడనుకున్నాను, లేదా కోప్పడతాడనుకున్నాను. పైకప్పు వైపు చూస్తూ పడుకున్నాడు.

"మీ నాయనకు అనుమానం వచ్చింది బిడ్డా" అన్నాడు.

"ఏం అనుమానం మామా?"

"నల్లరంగు సూసొచ్చినంక చాన దినాలకు, మళ్ల ఒక్కపాలి పోయిండు కోదాడకు. ఎవ్వరికి చెప్పలె, నాకే చెప్పిండు. షాపుకు ఎదురుంగ, బస్సులాగే కాడ నిలబడ్డడంట. వాడు లోపట కూసోని వాయిస్తున్నడంట. మన చర్చి పాటనే. 'దుర్గయ్యా, ఆ గొంతు మన గిటారుది కాదయ్యా. మన గిటారు గట్ల మోగది' అన్నడు."

"మరి లోపలికి పోలేదా?"

"పోలె. ఏం మొఖం పెట్టుకొని పోవాలె అన్నడు. నేనన్న పోదాం పా అంటె పోతుండెనేమో. నేను గూడ అనలె."

నేను ఇంటికి వచ్చి ఆ మాట ఎవరికీ చెప్పలేదు. నాన్నకు తెలియదు, తెలిస్తే వెళ్లేవాడే అనుకుంటూ నేను బతికాను. తెలిసీ రోడ్డు దాటలేకపోయాడు. రోజాకు చెప్పాలా వద్దా అని చాలా ఆలోచించాను. ఇప్పటికే ఒకసారి ఆమె దగ్గర దాచాను. అందుకే నువ్వు వెళ్లాక, రాత్రి అన్నాలు తినేటప్పుడు చెప్పాను.

ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగింది.

"మీరు ఇప్పుడు చెప్తున్నారు గానీ, ఆయనకు తెలుసు వదినా."

"ఏం తెలుసు?"

"మీ నాయన వచ్చిన సంగతి. షాపులోంచి రోడ్డు మొత్తం కనబడేది. ఈయన చూశాడు. వాయించడం ఆపితే వెళ్లిపోతాడేమోనని ఆపకుండా వాయించాడు. ఒక పాట అయితే ఇంకో పాట అందుకున్నాడు. వేళ్లు చీరుకుపోయాయి. మా నాయన 'పోయి పిలుసుకరారాదు' అంటే, 'ఆయనంతట ఆయనే రానీ మామా, వస్తడు' అన్నాడు."

"తర్వాత?"

"సూర్యాపేట బస్సు వచ్చింది."

ఆమె మళ్లీ అన్నం కలపడం మొదలుపెట్టింది. నా కంచంలో పెరుగు వేసింది. ఇద్దరం తిన్నాం.

పొద్దున ఆ చోటికి వెళ్లి చూసి వచ్చాను. షాపు లేదు, అక్కడ ఇప్పుడు మొబైళ్లు అమ్ముతున్నారు. రోడ్డు అప్పటికంటే చాలా వెడల్పు చేశారు. అప్పుడు మాత్రం, పెద్దగా నడవాల్సింది లేదు మహేందర్.

అక్క
కరుణ